ఆ పిల్లల వెంట ఎవరు వచ్చారో కూడా రాసుకోండి

యునిసెఫ్‌కు, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి, యుద్ధం నడుస్తున్న దేశాల్లో పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖలకు, వీళ్లందరి తరఫున శిబిరం గేటు దగ్గర బల్ల వేసుకుని పిల్లల పేర్లు రాసుకునే ఉద్యోగులకు నమస్కారం.

మీ బల్ల ముందుకు అయిదేళ్ల పిల్ల వస్తుంది. అమ్మానాన్నలు ఎక్కడున్నారంటే తెలియదంటుంది. ఊరి పేరు సగమే చెప్పగలుగుతుంది. తల్లిదండ్రులూ లేరు, బంధువులూ లేరు, చట్టప్రకారమో ఆచారప్రకారమో బాధ్యత ఉన్న పెద్దవాళ్లెవరూ లేరు కాబట్టి, తోడు లేని పిల్లల లెక్కలో మీరు ఆమెను చేరుస్తారు. నిబంధన ప్రకారం అది సరైనదే. కానీ ఒక్కసారి ఆలోచించండి. బాంబులు పడుతున్న ఊళ్లోంచి బయటపడి, తిండీ నీళ్లూ లేని దారిలో, అయిదేళ్ల పిల్ల ఒక్కతే ఎన్ని రోజులు బతుకుతుంది? ఆ పిల్ల ప్రాణాలతో మీ దాకా వచ్చిందంటే, మధ్యలో ఎవరో ఉన్నారు. ఎవరో ఎత్తుకున్నారు, ఎవరో నోట్లో ముద్ద పెట్టారు, విమానం చప్పుడు వినగానే ఎవరో ఆమె మీద వాలి పడుకున్నారు.

ఆ ఎవరో ఒక ముసలమ్మ కావచ్చు. సొంత బిడ్డను పోగొట్టుకుని ఖాళీ చేతులతో నడుస్తున్న తల్లి కావచ్చు. చాలాసార్లు ఇంకో పిల్లాడే. పదేళ్లవాడు ఆరేళ్లదాని చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు, దొరికిన రొట్టెను మూడు ముక్కలు చేస్తాడు, చిన్నవాళ్లు నిద్రపోతుంటే తాను మేలుకుని ఉంటాడు. వాళ్లకు ఒకరితో ఒకరికి చుట్టరికం లేదు, రుజువు చూపించే కాగితం లేదు. అయినా వారాల తరబడి ఒకరి ప్రాణం ఒకరు కాచుకుంటూ వచ్చారు. నేను కుటుంబం అంటున్నది వీళ్లనే. మీకు నా విన్నపం ఒకటే: కాపాడే పేరుతో ఆ పిల్లను, అంతవరకూ కాపాడుకొచ్చిన వాళ్ల నుంచి విడదీయకండి. సొంతవాళ్ల కోసం తప్పకుండా వెతకండి. వెతికినంత కాలం వీళ్లను కలిపి ఉంచండి.

విడదీయడం ఎవరూ కావాలని చేసే పని కాదని నాకు తెలుసు. మగపిల్లల గుడారం వేరు, ఆడపిల్లల గుడారం వేరు, బాగా చిన్నవాళ్లను చూసే చోటు వేరు. బస్సులో సీట్లు నిండిపోతాయి, మిగిలిన ఒక్క పిల్లాడు తర్వాతి బస్సు ఎక్కుతాడు, ఆ బస్సు ఇంకో శిబిరానికి పోతుంది. ఆ ముసలమ్మను వృద్ధుల వరుసలోకి పంపిస్తారు. ఏ రూలూ తప్పకుండానే, ఒక్క పూటలో, ఆ పిల్ల రెండోసారి అనాథ అవుతుంది. ఈసారి చుట్టూ అందరూ మంచివాళ్లే ఉండగా అవుతుంది. అందుకే ఇది ఎవరి కంటా పడదు.

ఇలాంటి బంధం ఎంత గట్టిదో చెప్పడానికి 1945 నాటి సంగతి ఒకటి మీకు గుర్తు చేయాలి. ఆ ఏడాది ఆగస్టులో, చెక్ గడ్డ మీద నాజీలు నడిపిన టెరెజిన్ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడ్డ పిల్లల్ని ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్‌కు తీసుకొచ్చారు. వాళ్లలో ఆరుగురు మరీ చిన్నవాళ్లు. మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లు నిండబోతున్నవాళ్లు. తల్లిదండ్రులను నాజీలు చంపేశారు. ఊహ తెలియకముందే ఆ శిబిరంలో తల్లిలేని పిల్లల వార్డుకు చేరినవాళ్లు. ఆకలితో, చాకిరీతో అలిసిపోయిన మనుషులు తమకు చేతనైనంత చూసుకున్నారు తప్ప, ఒక్కరి ఒడి అంటూ వాళ్లకు దొరకలేదు. అక్టోబరులో ఈ ఆరుగురినీ ససెక్స్ ప్రాంతంలోని ఒక పల్లెటూరి ఇంటికి చేర్చారు. అక్కడ వాళ్లు ఎలా ఉన్నారో పిల్లల మనసులను పరిశీలించిన మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్, ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకున్న సోఫీ డాన్ 1951లో రాశారు.

మొదట్లో ఆ పిల్లలు పెద్దవాళ్లను దగ్గరికి రానివ్వలేదు. బొమ్మలు విరగ్గొట్టారు, కొట్టారు, కొరికారు. కానీ తమలో తాము ఉన్న తీరు వేరు. ఒక్క నిమిషం ఒకరిని పక్కకు తీసుకెళ్లినా మిగతావాళ్లు తల్లడిల్లిపోయేవారు. ఒకరికి ఏదైనా ఇస్తే మిగతావాళ్లకు కూడా ఇమ్మని అడిగేవారు. అన్నం దగ్గర, తాము తినడం కంటే పక్కవాడికి అందించడమే వాళ్లకు ముఖ్యమయ్యేది. ఆ వయసు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఏ ఇంట్లోనైనా కనిపించే అసూయ, పోటీ వాళ్ల మధ్య దాదాపు లేవు. పెద్దవాళ్లు ఎవరూ నేర్పకుండా, ఆ నరకంలో, ఆరుగురు పసివాళ్లు ఒకరికొకరు అమ్మలయ్యారు. దీన్ని ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేసినట్టు అవుతుంది.

నేను మీ ముందు పెట్టదలచుకున్నది మాత్రం ఆ ఇంటి వాళ్లు తీసుకున్న నిర్ణయం. ఆరుగురినీ తలో ఇంటికీ పంచలేదు. ఏడాది పాటు ఒక్క చోటే ఉంచారు. ఆ ఏడాదిలోనే పిల్లలు కొత్త భాష నేర్చుకున్నారు, నెమ్మదిగా పెద్దవాళ్లను నమ్మడం మొదలుపెట్టారు. పాత బంధం కొత్త బంధానికి అడ్డం పడలేదు. ఒకరి తోడు ఒకరికి ఉంది కాబట్టే కొత్తవాళ్ల వైపు అడుగు వేయగలిగారని నేను అర్థం చేసుకున్నాను. తాత్కాలిక బంధాలు బలపడితే రేపు అసలు కుటుంబం దగ్గరికి వెళ్లడం కష్టమవుతుందని మీలో కొందరికి భయం ఉండవచ్చు. ఆ భయానికి నా దగ్గరున్న జవాబు ఈ ఆరుగురే.

అంతకు ముందే, 1940 నుంచి, లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో అన్నా ఫ్రాయిడ్, ఆమె సహచరి డొరొతీ బర్లింగమ్ ఆ నగరంలోని హాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం నర్సరీలు నడిపారు. మొదట పిల్లలందరినీ అందరూ చూసుకునేవారు. తర్వాత పిల్లల్ని నలుగురైదుగురు చొప్పున చిన్న గుంపులు చేసి, ఒక్కో గుంపును ఒక్కో ఆయమ్మకు అప్పగించారు. వెంటనే ఇల్లంతా ఏడుపులు. మా అమ్మ అంటే మా అమ్మ అని పోట్లాటలు, ఆమె కాసేపు గది దాటితే గోల. ఏ సంస్థ నిర్వాహకుడైనా ఇది చూసి పాత పద్ధతే నయమనుకునేవాడు. వాళ్లు అలా అనుకోలేదు. ఆ పిల్లలకే మాటలు త్వరగా వచ్చాయి, మిగతా అలవాట్లు కూడా త్వరగా పట్టుబడ్డాయి. క్రమశిక్షణగా, నిశ్శబ్దంగా ఉన్న హాలును చూసి పిల్లలు కుదురుకున్నారని రిపోర్టు రాసే అధికారులు దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రక్తసంబంధం దొరికితే చాలు, పని అయిపోయినట్టే అన్న ధీమా కూడా ప్రమాదమే. 1948 ఫిబ్రవరిలో జపాన్ ప్రభుత్వం, ఒకినావాను మినహాయించి, అనాథలను లెక్కపెడితే 1,23,511 మంది తేలారు. వాళ్లలో 1,07,108 మంది బంధువుల ఇళ్లలోనో, తెలిసినవాళ్ల ఇళ్లలోనో ఉన్నట్టు లెక్క. ఆశ్రమాల్లో ఉన్నవాళ్లు 12,202 మంది. కాగితం మీద చూస్తే సమస్య చాలావరకు తీరిపోయినట్టే. కానీ ఆ ఇళ్లలో తిండికి కరువు. అదనపు నోరు అనిపించుకుని, చాకిరీ చేసి, తిట్లు తిని, పారిపోయిన పిల్లలు ఎందరో. పారిపోయి టోక్యోలోని ఉయెనో స్టేషన్ లాంటి చోట్ల చేరారు. అక్కడ బూట్లు పాలిష్ చేస్తూ, సిగరెట్ పీకలు ఏరుతూ, తమలాంటి పిల్లలతోనే బతికారు. అధికారులు వలపన్ని పట్టుకుని ఆశ్రమాల్లో వేస్తే, మళ్లీ తప్పించుకుని అక్కడికే వచ్చారు. ఆకలి, జబ్బులు, చావు కళ్ల ముందు ఉన్న చోటు అది. అయినా అక్కడికే ఎందుకు వచ్చేవారు? తమ మనుషులు అక్కడున్నారు కాబట్టి. అందరినీ కలిపి ఒకే చోటికి తీసుకెళ్తామని వాళ్లకు చెప్పి ఉంటే ఎంతమంది ఆగిపోయేవారో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

రువాండాలో 1994 మారణహోమం తర్వాత అక్కడి విద్యార్థులు చేసిన పని మీకు తెలిసే ఉంటుంది. ప్రాణాలతో మిగిలిన విద్యార్థులు 1996లో బుటారే విశ్వవిద్యాలయంలో ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో చిన్న చిన్న కుటుంబాలుగా ఏర్పడ్డారు. తమలోంచే ఒకరిని నాన్నగా, ఒకరిని అమ్మగా ఎన్నుకున్నారు. ఆ అమ్మానాన్నల వయసు పిల్లల వయసు కంటే ఏమంత ఎక్కువ కాదు. జబ్బు చేస్తే చూసేది, పరీక్ష తప్పితే ధైర్యం చెప్పేది, మారణహోమం మొదలైన ఏప్రిల్ నెలలో పాత భయాలు ముంచుకొస్తే రాత్రంతా పక్కన కూర్చునేది ఈ కుటుంబాలే. పై అధికారుల ఆదేశం మీద పుట్టినవి కావు. పుట్టాక మాత్రం వాటిని ఎవరూ చెదరగొట్టలేదు. సాయం అంటే కొన్నిసార్లు ఇంతే.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. చేరదీసిన ప్రతి చెయ్యీ మంచి చెయ్యి కాదు. దిక్కులేని పిల్లాడికి అందరికంటే ముందు అన్నం పెట్టి, బట్టలిచ్చి, తమ్ముడూ అని పిలిచేది చాలాచోట్ల సాయుధ ముఠాలే. చేతికి తుపాకీ వచ్చేసరికి అదే తన ఇల్లు అని ఆ పిల్లాడు నమ్ముతాడు. పిల్లల్ని పనికి, అంతకంటే ఘోరమైన వాటికి అమ్ముకునే వాళ్లు కూడా పిన్నినని, మేనమామనని చెప్పుకుంటూ మీ బల్ల దగ్గరికి వస్తారు. 2007లో చాద్ దేశం నుంచి 103 మంది పిల్లల్ని పక్కనున్న సూడాన్‌లోని డార్ఫర్ ప్రాంతపు యుద్ధ అనాథలని చెప్పి విమానం ఎక్కించబోయిన ఫ్రెంచి స్వచ్ఛంద సంస్థ సంగతి మీరు మరిచిపోయి ఉండరు. తీరా విచారిస్తే వాళ్లలో ఎక్కువమంది డార్ఫర్ వాళ్లూ కారు, అనాథలూ కారు. అందుకే ప్రతి ముసలమ్మనూ, ప్రతి అన్ననూ కళ్లు మూసుకుని నమ్మమని నేను అనడం లేదు. అనుమానం ఉంటే విడదీసి ఆరా తీయడం ఒక పద్ధతి, కలిపి ఉంచి కనిపెట్టి చూడడం ఇంకో పద్ధతి. పిల్లకు హాని జరుగుతోందన్న ఆనవాలు కనిపిస్తే మొదటిది. లేకపోతే రెండోది. పిల్లతో ఒంటరిగా, ఆ పిల్ల భాషలో, తొందర పెట్టకుండా మాట్లాడండి. రెండు వారాలకు ఒకసారి చెప్పకుండా వెళ్లి చూడండి. తిన్నదా, ఆడుకుంటోందా, ఆ మనిషి లోపలికి రాగానే ముఖం ఎలా మారిందో గమనించండి. ఫారం చెప్పలేనిది ఆ ముఖం చెబుతుంది.

ప్రభుత్వాలకు ఒక మాట విడిగా చెప్పాలి. యుద్ధం చేస్తున్న దేశమే ఎదుటి దేశం పిల్లల్ని పట్టుకుపోయి తన ప్రజల ఇళ్లలో పంచిపెడితే అది కుటుంబం కాదు, నేరం. ఉక్రెయిన్ పిల్లల్ని చట్టవిరుద్ధంగా తరలించారన్న ఆరోపణ మీదే 2023 మార్చి 17న అంతర్జాతీయ నేర న్యాయస్థానం రష్యా అధ్యక్షుడికి, ఆ దేశ బాలల హక్కుల కమిషనర్‌కు అరెస్టు వారంట్లు జారీ చేసింది. నేను వెనకేసుకొస్తున్న కుటుంబాలు అలాంటివి కావు. ఇవి పిల్లలే వెతుక్కున్నవి, ఒకరి అవసరం ఒకరిని కలిపినవి. వీటిలో ఎవరూ పిల్ల పేరు మార్చరు, తల్లిదండ్రులు లేరని అబద్ధం చెప్పరు.

పేరు సంగతి చిన్నది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, అప్పటిదాకా జర్మనీలో భాగంగా ఉన్న తూర్పు ప్రష్యాలో ఆకలికి తాళలేక ఎందరో జర్మన్ పిల్లలు సరిహద్దు దాటి లిథువేనియా పల్లెలకు బిచ్చమెత్తుకోవడానికి వెళ్లారు. రైతులు తమకూ ప్రమాదమని తెలిసి కూడా చేరదీశారు. పశువులు కాసే పని ఇచ్చారు, అన్నం పెట్టారు, లిథువేనియన్ పేర్లు పెట్టి సోవియట్ అధికారుల కంట పడకుండా దాచారు. ఆ దయ వల్లే వాళ్లు బతికారు. కానీ చిన్నవాళ్లు మాతృభాష మరిచిపోయారు. తోబుట్టువులు వేర్వేరు ఊళ్లలో ఒకరికొకరు తెలియకుండా పెరిగారు. తాము ఎవరో, ఎక్కడ పుట్టారో తెలుసుకోవడానికి కొందరికి దశాబ్దాలు పట్టింది. అప్పట్లో వాళ్ల పేర్లు రాసుకునే బల్ల ఎక్కడా లేదు. ఇప్పుడు మీరున్నారు. పిల్ల చెప్పిన పేరు, ముద్దుపేరు, పాడే జోలపాట, ఇంటి ముందు ఏముండేదన్న జ్ఞాపకం, ఫొటో, అన్నీ మొదటి రోజే రాసిపెడితే, కొత్త ఇంట్లో ఎంత కాలం ఉన్నా పాత ఇంటి దారి మూసుకుపోదు.

ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. సూడాన్ అంతర్యుద్ధంలో 1987 నుంచి వేలమంది పిల్లలు ఇథియోపియాకు నడిచి వెళ్లారు. 1991లో అక్కడి నుంచీ తరిమేస్తే, మళ్లీ నడిచి 1992లో కెన్యాలోని కకూమా శిబిరానికి చేరారు. మగపిల్లలు గుంపులుగా, ఒకే చోట వండుకుని తింటూ కలిసి బతికారు. ప్రపంచం వాళ్లను చూసింది. 2000 తర్వాత అమెరికా దాదాపు 3,800 మందిని తీసుకుంది. ఆ పిల్లలతో పాటే నడిచొచ్చిన ఆడపిల్లలను శిబిరంలోని కుటుంబాలకు అప్పగించారు. దాంతో వాళ్లు తోడు లేని పిల్లల జాబితాలోంచి జారిపోయారు. కొందరిని ఆ ఇళ్లలో కన్నబిడ్డల్లా చూసుకున్నారు. కొందరు పనిమనుషులయ్యారు, కన్యాశుల్కం కోసం పెళ్లి పేరుతో చేతులు మారారు. విమానం ఎక్కిన వాళ్లలో ఆడపిల్లలు చాలా తక్కువ. ఇంట్లో చేర్చాం కదా అని ఫైలు మూసేయడం వల్ల వచ్చిన నష్టం ఇది. కాబట్టి కలిపి ఉంచమని నేను అడుగుతున్నానంటే, కలిపి వదిలేయమని కాదు. ఇంట్లో చేరిన పిల్ల పేరు కూడా జాబితాలో ఉండాలి. ఆ గడప తొక్కే మనిషి ఒకరు మీ తరఫున ఉండాలి.

మీ దగ్గర నియమాలు లేక కాదు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం, కుటుంబం కోల్పోయిన పిల్లల పెంపకంలో కొనసాగింపు ఉండాలని చెప్పింది. 12వ అధికరణం, తన గురించిన నిర్ణయంలో పిల్ల మాట వినాలని చెప్పింది. 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు తోబుట్టువులను విడదీయవద్దన్నాయి. బంధువులు కాని వాళ్లు పిల్లల్ని చూసుకోవడాన్నీ గుర్తించాయి, అలాంటివాళ్లు ముందుకొచ్చి చెప్పుకునేలా ప్రోత్సహించమన్నాయి. నేను కోరేది, తోబుట్టువులకు ఇచ్చిన ఆ రక్షణను దారిలో తోబుట్టువులైన వాళ్లకు కూడా ఇవ్వమని. వయసు, లింగం, దేశం చూసి వరుసలు వేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఎవరితో వచ్చావు? దారిలో నీకు అన్నం ఎవరు పెట్టారు? రాత్రి ఎవరి పక్కన పడుకుంటావు? ఆ జవాబుల్లో వచ్చిన పేర్ల ఫైళ్లన్నీ ఒకదానికొకటి కలిపి కట్టండి. ఒకరిని కదిలిస్తే అందరినీ కదిలించాలన్న రూలు పెట్టండి. బస్సులో చోటు చాలకపోతే అందరూ తర్వాతి బస్సు ఎక్కుతారు.

తిండి సంగతి కూడా చూడండి. 2024 ఫిబ్రవరిలో గాజాలో కనీసం 17,000 మంది పిల్లలు తల్లిదండ్రులకు దూరమయ్యారనో, తోడు లేకుండా ఉన్నారనో యునిసెఫ్ అంచనా వేసింది. మామూలుగా అయితే బంధువులు చేరదీస్తారని, తమకే తిండి, నీళ్లు, నీడ లేని స్థితిలో ఇంకో బిడ్డను తీసుకోలేకపోతున్నారని కూడా చెప్పింది. ప్రేమ చాలక కాదు, గిన్నెలో గింజలు చాలక కుటుంబాలు చెదిరిపోతున్నాయి. చేరదీసిన మనిషి పేరు మీద ఆ పిల్ల రేషన్ కూడా అదే రోజు రాయండి. చుట్టరికం రుజువు చేసే కాగితం వచ్చాక ఇస్తామనకండి. యుద్ధంలో అందరికంటే ముందు కాలిపోయేవి కాగితాలే.

కన్నతల్లి దొరికిన రోజు ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. అది అందరూ సంతోషించే రోజు. కానీ ఆ పిల్లను ఇన్నాళ్లూ చూసుకున్న పదేళ్ల అన్నకు అది ఏ రోజు? వాడికి ముందుగా చెప్పండి. ఇద్దరి చేతా మాట్లాడించండి. కుదిరితే ఆ తల్లినీ వాడినీ ఒకరికొకరిని పరిచయం చేయండి, కొన్నాళ్లు రాకపోకలు సాగనివ్వండి. పిల్ల ఎక్కడికి వెళ్లిందో చెప్పకుండా, తెల్లారేసరికి పక్క ఖాళీ చేసే పద్ధతి ఎక్కడున్నా ఆపేయండి.

యుద్ధం ముగిశాక పిల్లలు తలో దేశంలో పెరిగి పెద్దవాళ్లవుతారు. అప్పుడు తమతో నడిచినవాళ్లను వెతుక్కోవాలనిపిస్తుంది. అందుకోసం, కలిసి వచ్చినవాళ్ల పేర్లున్న కాగితం ఒక నకలు ప్రతి పిల్లకూ ఇవ్వండి, ఒకటి మీ దగ్గర భద్రంగా ఉంచండి. తప్పిపోయిన వాళ్ల ఆచూకీ కోసం దరఖాస్తు పెట్టుకునే హక్కు వీళ్లకు కూడా ఇవ్వండి. మీకు ఏమవుతారు అన్న ప్రశ్నకు ఎదురుగా, దారిలో కలిశాం అని రాసి ఉన్నా ఆ దరఖాస్తును తీసుకోండి.

ఇట్లు,
ఈ పిల్లల గురించి చదువుతూ వచ్చిన ఒక తెలుగు పాఠకురాలు